వేసవియు నగర గ్రంథాలయములును

చెన్నపట్టణమున ఎండలు ముదిరినవి. బడులు మూసివేసిరి. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలందురు. ఈ నగరమున నిప్పుడు రోళ్లెక్కడివి గాని, మేడలమీది నీటితొట్లు మాత్రము మధ్యాహ్నమగునప్పటికి కాగుచున్నవి. పిల్లలున్న ప్రతి యింటను ఒకటే ప్రశ్న: ఈ నలువది ఏబది దినములు వీరిని ఏమి చేయవలయును? కలిగినవారు ఉదకమండలమునకో, కొడైకెనాలునకో పోవుదురు. అమ్మమ్మయో తాతయో నెల్లూరనో, చిత్తూరనో, ఒంగోలుననో యున్నవారు పిల్లలను రైలెక్కించి పంపుదురు. తక్కినవారు ఈతకొక రుసుమును, చదరంగమునకొక రుసుమును, వేళ్లమీద లెక్కలు వేయుట నేర్పువారికొక రుసుమును చెల్లించి ఊపిరి పీల్చుకొందురు. అదియు చేయజాలని యింటి పిల్లలు గదిలో ఒక మూల ఫోను చేతబట్టుకొని కూర్చుందురు. ఇదే నగరమున ఎవరికైనను తలుపులు తెరచియుండు పెద్ద గ్రంథాలయములు గలవన్న మాట మన యిండ్లలో ఎన్నింట వినవచ్చుచున్నది?

విచిత్రమేమన, వానికి రుసుమును మనము ముందుగనే చెల్లించియున్నాము. ఇంటిపన్ను చీటిని చూచి సొమ్ము కట్టువారే గాని, అందులో ఏయే భాగము దేనికి పోవుచున్నదో విచారించువారు తక్కువ. 1948లో మదరాసు శాసనసభ గ్రంథాలయ శాసనమును చేసినది. స్వతంత్ర భారతమున గ్రంథాలయములకై పుట్టిన మొట్టమొదటి శాసనమిదియే. మదరాసు విశ్వవిద్యాలయమునకు 1924 మొదలు గ్రంథపాలకులుగా నుండిన రంగనాథన్ గారు ఏండ్ల తరబడి చేసిన కృషి దాని వెనుక నున్నది. ఇంటిపన్నుపై గ్రంథాలయములకొరకు ప్రత్యేకముగ కొంత సొమ్ము వసూలు చేయవలయునని ఆ శాసనము విధించెను. తమిళనాడున నేడది రూపాయకు 10 పైసలు. సొంత యిల్లు గలవారు దానిని నేరుగ కట్టుచున్నారు. అద్దెయింటివారు అద్దెలో కలిపి కట్టుచున్నారు. కావున పిల్లవానిని గ్రంథాలయమునకు పంపువాడు ధర్మసత్రమునకు పంపినట్లు భావింపనక్కరలేదు. అది వాని తండ్రి సొమ్ముతో నడచు స్థలము. పట్టణమున ఇన్ని మాళిగలు గల మన తెలుగువారు, షావుకారులేమి, వైద్యులేమి, ఆడిటర్లేమి, ఏటేట ఈ లెక్కక్రింద చెల్లించు మొత్తము అల్పమైనది కానేరదు.

ఈ శాసనమునకును మనకును మరియొక బంధుత్వము గలదు. అది ఉమ్మడి రాష్ట్రమునకై చేసిన శాసనము. ఆంధ్ర రాష్ట్రము 1953లో వేరుపడిన పిదప గూడ కోస్తా రాయలసీమ జిల్లాలలో అదియే చెల్లినది. 1960లో ఆంధ్రప్రదేశమునకు వేరు శాసనము వచ్చువరకు అక్కడి గ్రంథాలయములు దాని నీడనే పెరిగినవి. దానికంటె ముందు పునాది వేసినవారు తెలుగువారు. 1914 ఏప్రిలులో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి కార్యభారము వహించిరి, చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు అధ్యక్షత వహించిరి. సర్కారు సొమ్ము ఒక్క దమ్మిడీ లేకుండ ఊరూర చందాలతో నడచిన ఉద్యమమది. చదువు రానివారికి పత్రికలు బిగ్గరగ చదివి వినిపించిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు సీమలో కాలువపై పడవలో పుస్తకములను పెట్టి పంపిరి; గ్రంథాలయమునకు మనిషి రాలేనిచో గ్రంథాలయమే మనిషియొద్దకు పోయినది. ఇట్టి పూర్వులు గల జాతివారు, ఎగ్మూరులోను కొట్టూరుపురములోను నడుమంత దూరములో నున్న భవనములకు తమ పిల్లలను తీసికొనిపోవుటకు తీరిక లేదనుట మాకు వింతగ దోచుచున్నది.

ఆ భవనములను గూర్చి రెండు మాటలు. ఎగ్మూరున పాంథియన్ రోడ్డులో, చిత్రవస్తు ప్రదర్శనశాలకు ప్రక్కన, కన్నెమరా గ్రంథాలయమున్నది. నాటి గవర్నరు కన్నెమరా ప్రభువు 1890 మార్చిలో పునాదిరాయి వేసెను. ఆయన ఈ దేశమును విడిచిపోయిన చాలకాలమునకు, 1896 డిసెంబరు 5వ తేదీన, తలుపులు తెరచిరి. హెన్రీ ఇర్విన్ అను శిల్పి కట్టిన ఆ పాత మందిరముయొక్క రంగుటద్దములను, టేకు చట్రములను చూచుటకే ఒకసారి పోవచ్చును. 1950లో అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. తరువాత ప్రక్కన క్రొత్త కట్టడములు లేచినవి. రెండవది కొట్టూరుపురమున అణ్ణా శతజయంతి గ్రంథాలయము. 2010 సెప్టెంబరు 15వ తేదీన ప్రారంభమైనది. అంతస్తులకు అంతస్తులు, అంధులకు చుక్కల లిపి పుస్తకములకు వేరు విభాగము, పిల్లలకై ఒక అంతస్తున కృత్రిమ వృక్షమును నిలిపి దానిక్రింద కూర్చుండి చదువుకొను ఏర్పాటు. చల్లని గాలి యంత్రములు సరేసరి. ఎండాకాలమున మదరాసులో చల్లని గాలి, త్రాగు నీరు, కూర్చుండుటకు కుర్చీ, చదువుటకు పుస్తకము, ఇవి నాలుగును ఉచితముగ దొరకు స్థలము మరియొకటి ఎవరైన చూపగలరా? బీదయింటి పిల్లవానికి ఇందలి మొదటి మూడే గొప్ప. నాల్గవది వానికి తెలియకుండ అంటుకొనును.

ఈ అణ్ణా గ్రంథాలయము చరిత్రలో ఒక ఘట్టమును న్యాయవాదులు మరచియుండరు. తెరచి పదునాలుగు మాసములైనను కాకముందే, 2011 నవంబరులో, నాటి ప్రభుత్వము దానిని అక్కడనుండి తరలించి ఆ భవనమును పిల్లల ఆసుపత్రిగా మార్చెదమని ప్రకటించెను. పౌరులు ఉన్నత న్యాయస్థానమునకు పోయిరి. న్యాయస్థానము ఆ తరలింపును ఆపివేసినది. పిల్లలకు ఆసుపత్రి వలదని ఎవరందురు? అయిన, ఒక మంచిపనికై మరియొక మంచిపనిని కూల్చుట పరిపాలన కాదు. తరువాత ఏండ్ల తరబడి ఆ భవనము సరియైన పోషణ లేక చిక్కినది. ప్రభుత్వము మారిన పిమ్మట మరల మరమ్మతులు జరిగినవి. మేము చెప్పదలచినదేమన, చదువరులు నిండియున్న గ్రంథాలయమునకు ఇట్టి గండము రాదు, వచ్చినను నిలువదు. నాడు దానిని కాపాడినవారు అందు చదువుకొనుచుండినవారును, వారి పక్షమున వాదించినవారును.

ఇక వేసవి. ఇటీవలి సంవత్సరములలో నగరపు పెద్ద గ్రంథాలయములు సెలవులలో పిల్లలకు కథలు చెప్పుట, బొమ్మలు గీయించుట, కాగితములతో బొమ్మలు మడచుట మొదలగు కార్యక్రమములను జరుపుచున్నవి. ఇది కేవలము కాలక్షేపమని తలపరాదు. అమెరికాదేశపు నగర గ్రంథాలయములు పందొమ్మిదవ శతాబ్దము చివరి రోజులనుండి వేసవి పఠనమును ఒక క్రమముగ నడుపుచు వచ్చినవి. అందువలన ప్రయోజనమేమని అక్కడివారు లెక్కలు గట్టిరి. బార్బరా హెయిన్స్ అను సామాజిక శాస్త్రజ్ఞురాలు అట్లాంటా నగరపు విద్యార్థులను పరిశీలించి 1978లో ఒక గ్రంథమును ప్రకటించెను. బడి నడచు నెలలలో బీదయింటి పిల్లలును కలిగినయింటి పిల్లలును ఇంచుమించు జతగా సాగుచున్నారనియు, వారిమధ్య అగాధము పెరుగునది ముఖ్యముగ వేసవి నెలలలోననియు ఆమె చూపినది. ఆ నెలలలో పిల్లవాని చదువుతో ఎక్కువ సంబంధము గలిగిన వ్యాపకము పుస్తక పఠనమేననియు, అందు గ్రంథాలయము తోడ్పాటు మిక్కిలి గలదనియు ఆమె తేల్చినది. బడి లేని కాలములో బడి చేయు పనిని కొంత గ్రంథాలయము చేయగలదన్నమాట. మన నగరమున ఇట్టి లెక్కలు ఎవరైన గట్టినచో ఫలితము వేరుగ నుండునని మేము తలపము.

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. పై చెప్పిన ప్రయోజనము ఏ పిల్లవానికైనను గలదు. తెలుగు పిల్లవానికి మరియొక అక్కర గలదు. అది తీర్చగల స్థలము ఈ నగరమున గ్రంథాలయము దప్ప వేరొకటి కనబడుట లేదు.

నేడు చెన్నపట్టణపు తెలుగు గృహములలో పిల్లలు తెలుగు మాటలాడుదురు. అది తమిళపు టొరవడితోనో, ఇంగ్లీషు పోగులతోనో కలిసిన తెలుగే యగుగాక, తెలుగే. అయితే చదువుట రాదు. అమ్మమ్మ వ్రాసిన జాబు చదువలేరు. పెండ్లి శుభలేఖలో తమ పేరు ఎక్కడ నున్నదో పోల్చుకొనలేరు. తెలుగు మాతృభాషగా గల పిల్లలు పూర్వము తమ భాషను మొదటి భాషగా చదువుకొనుట కవకాశముండెడిది. 2006లో తమిళ విద్యాభ్యసన శాసనము వచ్చినది. ఒకటవ తరగతినుండి మొదలుపెట్టి ఏటికొక తరగతి చొప్పున తమిళము విధిగా మొదటి భాషయైనది. ఆ వరుసలో మొదటి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకెక్కిరి. కొన్ని సంవత్సరములు మినహాయింపులు దొరకినవి. మినహాయింపు మినహాయింపే, అది హక్కుగా నిలుచునది కాదు. మాతృభాషను ఐచ్ఛికముగ చదువవచ్చునన్న మాట గలదు గాని, ఏండ్ల తరబడి పరీక్షలో లెక్కకు రాకుండిన పాఠమునకు పిల్లవాడు ఎంత ఓపిక చూపునో, బడి ఎంతమంది ఉపాధ్యాయులను నియమించునో, తల్లిదండ్రులెరుగుదురు.

ఈ శాసనముతో మాకు తగవు లేదని మేమిదివరకే చెప్పియున్నాము. తమిళదేశమున పుట్టి, తమిళదేశమున అన్నము తినువాడు తమిళము చదువనేర్వకుండుట సిగ్గుచేటు. తరతరములుగా ఈ నగరమున నున్న మనవారు తమిళమున పండితులైనవారే గాని దానిని కాదన్నవారు కారు. అయితే బడిలో స్థలము పోయిన భాషకు బడి వెలుపల స్థలము చూపవలయును. గ్రంథాలయములో మొదటి భాష, రెండవ భాష యను పేచీ లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు, ఏ భాష పుస్తకమును తీసినను కాదనువారు లేరు. వేసవి సెలవులలో నెలదినములు, వారమునకు రెండు సాయంకాలములు, తెలుగు అక్షరములు తెలిసినవారొకరు పిల్లలతో కూర్చున్నచో, ఇంట తెలుగు మాటలాడు పిల్లవాడు జూన్ నెల వచ్చునప్పటికి పెద్ద అక్షరముల కథలపుస్తకమును తడుముకొనుచైనను చదువగలడు. మాట వచ్చినవానికి లిపి నేర్పుట కష్టము కాదు; మాట పోయిన పిమ్మట లిపి నేర్పుటయే కష్టము. మాట ఇంకొక తరము నిలుచునో లేదో మనము చెప్పలేము. అందుచేతనే మాకీ తొందర.

పుస్తకములెక్కడివి అని ప్రశ్న వచ్చును. ఇందుకు జవాబు శాసనములో నున్నది. మనవారు దానిని చదివియుండరు. 1954లో పార్లమెంటు ఒక శాసనము చేసినది. భారతదేశములో పుస్తకము ప్రచురించిన ప్రతివాడును, ప్రచురించిన 30 దినములలో, తన ఖర్చుతో, కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకు ఒక ప్రతిని, మరి మూడు గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతిని పంపవలయును. ఆ మూడింటిలో కన్నెమరా ఒకటి. తక్కినవి బొంబాయిలోను ఢిల్లీలోను గలవు. 1956లో పత్రికలను గూడ చేర్చిరి. పంపనివారికి 50 రూపాయలవరకు జుల్మానాయు, పుస్తకపు వెలయును విధింపవచ్చునట. దీనియర్థమేమి? విజయవాడలో గాని, హైదరాబాదులో గాని, తెనాలిలో గాని అచ్చుపడిన ప్రతి తెలుగు పుస్తకమును చట్టప్రకారము ఎగ్మూరునకు రావలసినదే. బరంపురపు తెలుగువారికి, షోలాపురపు నేతపనివారికి, బెంగుళూరున తరతరములనుండి నిలిచిన మనవారికి తమ నగరమున ఈ భాగ్యము లేదు. మనకు గలదు. తెలుగుదేశమున కాపురముండువారికైనను ఇట్టి హక్కు తమ ఊరిలో లేదు!

చట్టములో నున్నదంతయు అలమారలో నున్నదని అనుకొనునంత అమాయకులము మేము గాము. చిన్న ప్రచురణకర్తలు పలువురు ఈ శాసనమును ఎరుగరు. ఎరిగియు తపాలా ఖర్చునకు వెనుదీయువారు గలరు. 50 రూపాయల జుల్మానా 1954లో కొంత బరువు. నేడు అది కాఫీకి చాలునో చాలదో. పైగా దీనిక్రింద అభియోగము తెచ్చుటకు కేంద్రప్రభుత్వము అధికారమిచ్చిన ఉద్యోగి ఫిర్యాదు చేయవలయును; సామాన్య చదువరి చేయజాలడు. తమ కవితలను తామే అచ్చొత్తించుకొని మిత్రులకు పంచు పెద్దలు మన నగరమున చాలమంది గలరు. వారు నలుగురికి ఆటోగ్రాఫు చేసి ఇచ్చుటకు ముందు ఈ నాలుగు ప్రతులను పంపినచో వారి కీర్తికి వేరు భద్రత యక్కరలేదు.

వచ్చిన పుస్తకమునకు మరియొక కష్టము గలదు. అది పట్టిక కెక్కవలయును, ఎక్కినది దొరకవలయును. తెలుగు పేరును గుర్తులు లేని రోమను అక్షరములలో పట్టిక కెక్కించు పద్ధతి ఎక్కడ నున్నదో అక్కడ చదువరి తిప్పలు ఇంతింత గావు. ‘కల’యు ‘కళ’యు ‘కాల’మును ఒకే తీరున కనబడును, దీర్ఘములు మాయమగును, ఱకారమునకు దిక్కులేదు. ఒకే గ్రంథకర్త పేరు మూడు వర్ణక్రమములలో మూడు చోట్ల దాగికొనును. యంత్రములు తెలుగు లిపిని చక్కగ చూపగలిగిన ఈ దినములలో తెలుగు పుస్తకమునకు తెలుగు అక్షరములతోనే పట్టిక యుండుట కష్టసాధ్యము కాదు. తెలుగు తెలిసిన ఉద్యోగి కావలయును, అంతియే. ఆ పనికి వేసవిలో కాలేజీ విద్యార్థులను కొందరిని పిలిచినచో వారికిని పని నేర్చినట్లగును.

ఇక్కడ న్యాయవాదులు ఒక సందేహము లేవదీయుదురు, అది సరియైనదే. చట్టముక్రింద వచ్చు ప్రతి ముఖ్యముగ భద్రపరచుటకు. దానిని ఆరేండ్ల పిల్లవాని చేతికిచ్చి ఇంటికి పంపుట తగదు. పిల్లలకు కావలసినవి వేరు: చినిగినను ఏడ్వనక్కరలేని, బొమ్మలుగల, పెద్ద అక్షరముల పుస్తకములు, ఒక్కొక్కటి నాలుగైదు ప్రతులు. ఇవి గ్రంథాలయ పన్ను సొమ్ముతో కొనవలసినవి. పుస్తకములను ఎన్నుకొనువారు ఏటేట కొనుగోలు జాబితాలు తయారుచేయునప్పుడు తెలుగు పిల్లల పుస్తకములను అడిగినవారెవరు? అడుగనిది అమ్మయైనను పెట్టదందురు. అధికారులు మనపై పగబట్టి కొనకున్నారని మేమనము. సభ్యుల పుస్తకములో తెలుగు పేర్లు ఎన్ని, తెలుగు పుస్తకము కావలయునని వచ్చిన చీటీలు ఎన్ని యని వారు ప్రశ్నించినచో, మనము తల వంచుకొనవలసినదే.

పుస్తకముల దానమును గూర్చియు చెప్పవలయును. మనలో ఒక దురలవాటు గలదు. ఇల్లు మారునప్పుడు, పెద్దవారు గతించినప్పుడు, అటకమీది పుస్తకములన్నియు మూటగట్టి గ్రంథాలయమునకు ఇచ్చి పుణ్యము కట్టుకొనుట. ఆ మూటలో పాత న్యాయనిర్ణయ సంపుటములు, అట్టలు లేని వారపత్రికలు, కాలము చెల్లిన పన్నుల పట్టికలు, చెదలు తిన్న జాతక గ్రంథములు నుండును. గ్రంథాలయము పాతసామానుల కొట్టు కాదు. పిల్లవానికి నిజముగ సాయపడగోరు వైద్యుడొకడు, ఇంజనీరొకడు, నూరు రూపాయల క్రొత్త కథలపుస్తకమును పది ప్రతులు కొని ఇచ్చినచో చాలును. అయితే మన పాతయిండ్ల అటకలలో వెలలేనివియు గలవు. చందమామ 1947 జూలైలో ఈ నగరముననే పుట్టినది. అంతకు రెండేండ్లకు ముందు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాల యను పత్రికను ఈ నగరమునుండియే వెలువరించిరి. వావిళ్లవారి ముద్రణలు ఇక్కడివే. ఒకప్పుడు తెలుగు పిల్లవాడు ఎక్కడ నున్నను, వాని చేతి పుస్తకము మదరాసులో అచ్చుపడినది. ఆ నగరముననే తెలుగు పిల్లవాని చేతికి పుస్తకము లేకపోవుట మనస్సునకు కష్టముగ నున్నది. అట్టి పాత సంచికలు పూర్తివరుసలుగ ఎవరి యింటనైన నున్నచో, అవి మూటలో కలుపదగినవి కావు. గ్రంథాలయాధికారితో ముందు మాటలాడి, పట్టిక వ్రాసి, అప్పగింపదగినవి.

పెద్ద పిల్లలకును ఈ నగరమున వేసవి పని గలదు. 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము ఇప్పుడు అణ్ణా గ్రంథాలయ భవనముననే యున్నది. మెకంజీ సేకరించిన వ్రాతలు, బ్రౌను దొరగారు కూర్చిన తెలుగు ప్రతులు అందు గలవు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారివంటివారు పని చేసిన సంస్థ. పదునారేండ్ల తెలుగు పిల్లవానికి ఒక తాటాకు కట్టను చూపి, వేమనను బ్రౌను ఎట్లు సేకరించెనో చెప్పు పెద్ద ఒకరున్నచో, ఆ గంట వాడు మరువడు. క్రింది అంతస్తున తమ్ముడు కథ వినుచుండగా పై అంతస్తున అన్న తాటాకు చూచుట ఈ దేశమున ఎన్ని నగరములలో సాధ్యము?

మరియొక చిక్కు: నిశ్శబ్దము. మన పఠనమందిరములు పోటీ పరీక్షలకు చదువు యువకులతో ఉదయమే నిండిపోవుచున్నవి. వారు తమ పుస్తకములనే తెచ్చుకొని, ఉద్యోగముపై చూపు నిలిపి, రాత్రివరకు కదలకుండ చదువుదురు. వారిని మేము తప్పు పట్టము. ఇంట చోటు లేనివారికి గ్రంథాలయపు బల్లయే గది. అయితే పిల్లవాడు అడుగిడిన మరుక్షణము నలుదెసలనుండి హుష్షుమని వినబడు చోట వాడు రెండవమారు అడుగిడడు. పిల్లలకు గొంతెత్తి చదువుటకు, నవ్వుటకు వేరు గది యుండవలయును. అణ్ణా గ్రంథాలయమున అట్టి వసతి గలదు. పేటలలోని శాఖలలో లేదు. సాయంకాలము నాలుగుగంటలనుండి ఆరువరకు ఒక గదిని పిల్లలకు విడుచుట పెద్ద ఖర్చు కాదు. తంగసాల వీధి, చూళై, పెరంబూరు ప్రాంతముల తెలుగు పిల్లలు కొట్టూరుపురము దాక ఎండలో రెండు బస్సులు మారి రాలేరు. వారికి పేటలోని శాఖయే గ్రంథాలయము. పాతూరివారి పడవను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును.

తెలుగు సంఘములు మన నగరమున తక్కువేమియు లేవు. ఉగాదికి పంచాంగ శ్రవణము, సన్మానములు, శాలువలు, నటీనటుల దర్శనములు యథావిధిగ జరుగుచున్నవి. ఒక్క శాలువ ఖర్చుతో ఎన్ని పిల్లల పుస్తకములు వచ్చునో కార్యదర్శులు లెక్క వేయుదురు గాక. మేము శాలువలకు విరోధులము గాము. చలికాలమున వానివలన ప్రయోజనము గలదు. మదరాసులో చలికాలము ఎప్పుడు వచ్చునన్నది వేరు సంగతి.

ఇక పని మాట. మే నెలలో గ్రంథాలయమునకు పోయి తెలుగు తరగతి పెట్టుడని అడుగుట వ్యర్థము. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును; వేసవి కార్యక్రమముల సంకల్పము అంతకుముందే జరుగును. కోరిక జనవరిలో వ్రాతపూర్వకముగ చేరవలయును. అందు గొప్ప మాటలు, భాషాభిమానపు గర్జనలు వలదు. అవి చదివిన అధికారి భయపడి కాగితమును పైకి పంపును, పైనుండి అది రాదు. వారమునకు రెండు సాయంకాలములు, ఒక గది, ముప్పదిమంది పిల్లలు, ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు, బోధించువారి పేర్లు, వారి సమ్మతి సంతకములు, ఇంతమాత్రము. జీతము కోరము అని ఒక వాక్యము. కొనదగిన తెలుగు పిల్లల పుస్తకముల జాబితా, ప్రచురణకర్తల చిరునామాలతో, వెలలతో, వేరు కాగితముపై. తెలుగు పట్టికకు సాయము చేయుటకు సిద్ధముగ నున్న విద్యార్థుల పేర్లు మరియొక కాగితముపై.

ఆ కాగితమునకు ముందు చేయదగిన పని యొకటి గలదు. అది ఈ వేసవిలోనే చేయవచ్చును. ఇంటిల్లిపాదియు పోయి సభ్యులుగ చేరుట, దొరకిన తెలుగు పుస్తకమును తీసికొనుట, దొరకనిదానికి పేరు వ్రాసి చీటీ ఇచ్చుట. ముప్పది యిండ్లవారు నెలకు రెండేసి చీటీలు ఇచ్చినచో జనవరి నాటికి ఆ కార్యాలయమున తెలుగు పేరుతో ఒక దస్త్రము దానియంతట అదియే తయారైయుండును. చీటీపై పుస్తకపు పేరును తెలుగు అక్షరములతోనే వ్రాయవలయునని మా మనవి.